ఎండ పుక్కటిదే, మరి కరెంటు?

కాగితం వచ్చింది

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. మాపటి వేళ. మహిళా సంఘం ఆడవాళ్లు గ్రామ సంఘం గదిలో కూర్చున్నారు. పొదుపు పైసలు లెక్కపెట్టడం అయిపోయింది. అప్పుడు సంఘం లీడరు సంచిలో నుంచి ఒక కాగితం తీసింది.

"మన ఊళ్లె సోలార్ ప్లాంటు పెడదామంటున్నరు. నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకోవాలె. బ్యాంకు లోను ఇస్తది. మనం ఒప్పుకుంటున్నమని తీర్మానం రాసి, అందరం సంతకాలు పెట్టాలె" అన్నది.

"ఎండ పుక్కటిదే గద! పెట్టుబడి లేని పంట. పెడదాం సంతకాలు" అన్నది ఒకామె. ఇంకొకామె పెన్ను అందుకుంది.

మూలకు కూర్చున్న పెద్దవ్వ చెయ్యి ఎత్తింది. ఆమె చదువు నేర్చుకుని రెండేళ్లే అయింది.

"ఆగుండ్రి. చదవకుంట సంతకమా? గట్లయితే మన వేలిముద్ర ఏం పాపం చేసింది?"

అందరూ నవ్వారు. తరువాత ఆలోచనలో పడ్డారు. పెన్ను కింద పెట్టారు.

ఆ ఊరి చిన్న కోడలు ఒకామె ఐటీఐలో కరెంటు పని నేర్చుకుంది. ఆమెను పిలిచారు. "మాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా" అన్నది పెద్దవ్వ.

మన ఇంటి బల్బు ఎట్లా వెలుగుతుంది?

"అవ్వా, అన్నం ఎసరు మరిగితే మూత ఎందుకు ఎగురుతది?" అని అడిగింది చిన్న కోడలు.

"ఆవిరి తన్నుతది."

"గంతే. బొగ్గు కరెంటు కూడా గట్లనే పుడతది."

బొగ్గును మండిస్తారు. ఆ మంట మీద నీళ్లు మరుగుతాయి. ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తీగల మీద ఊరూరికీ వస్తుంది.

మన తెలంగాణలో గోదావరి ఒడ్డున సింగరేణి బొగ్గు గనులు ఉన్నాయి. 1889లో ఇల్లందు దగ్గర ఈ బొగ్గు తవ్వడం మొదలుపెట్టారు. రామగుండంలో, కొత్తగూడెం దగ్గర పెద్ద పెద్ద బొగ్గు కరెంటు కేంద్రాలు ఉన్నాయి. నీళ్లతో కూడా కరెంటు తీస్తారు. నిజాంసాగర్ ఆనకట్ట దగ్గర అట్లాంటి చిన్న కేంద్రం ఉంది. కాని మన దేశంలో పుట్టే ప్రతి 100 యూనిట్ల కరెంటులో సుమారు 70 బొగ్గు నుంచే వస్తున్నాయి.

బొగ్గుతో లాభం ఉంది. పగలు, రాత్రి, వానకాలం, ఎండకాలం ఎప్పుడు మండిస్తే అప్పుడు కరెంటు వస్తుంది.

నష్టమూ ఉంది. బొగ్గు తయారు కావడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకసారి మండితే మళ్లీ రాదు. పొగ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. బూడిద గుట్టలుగా పేరుకుంటుంది. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో చేరి భూమి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే ఎండలు ముదురుతున్నాయి. వానలు కాలం తప్పుతున్నాయి. ఆ దెబ్బ ముందుగా తగిలేది ఎవుసం చేసేవాళ్లకే.

ఎండ కరెంటు

సోలార్ పలకలో సిలికాన్ అనే పదార్థం ఉంటుంది. దానిని ఇసుక వంటి రాయి నుంచి తీస్తారు. ఎండ పడగానే అందులో కరెంటు పుడుతుంది. మంట లేదు. పొగ లేదు. తిరిగే చక్రం లేదు.

కరెంటును యూనిట్లలో కొలుస్తారు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు వాడితే 1 యూనిట్ అవుతుంది. వెయ్యి వాట్లను 1 కిలోవాట్ అంటారు. 1 కిలోవాట్ సోలార్ పలకలు మన దగ్గర రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వెయ్యి కిలోవాట్లు కలిస్తే 1 మెగావాట్. మంచి ఎండలో 1 మెగావాట్ ప్లాంటు 5 హెచ్‌పీ బోరు మోటర్లను 200 దాకా నడపగలదు.

మన తెలుగు నేల మీద సోలార్ బాగానే పెరిగింది. కర్నూలు జిల్లాలో 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు పని మొదలుపెట్టింది. రామగుండంలో బొగ్గు కేంద్రం చెరువు నీళ్ల మీదనే పలకలు తేలేటట్టు కట్టారు. అది 100 మెగావాట్లది. 2022 జులై నాటికి పూర్తయింది. బొగ్గు తవ్వే సింగరేణి సంస్థ కూడా తన భూముల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. దేశం మొత్తం మీద సోలార్ బలం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది.

"మరి గింత ఉంటే బొగ్గు ఎందుకు ఆపరు?" అని అడిగింది లీడరు.

"గదే అసలు ముచ్చట అక్కా. ఎండ పుక్కటిదే. ఎండను కరెంటు చేసుడు పుక్కటిది కాదు. చిక్కులున్నయి. ఒక్కొక్కటి చెప్త" అన్నది చిన్న కోడలు.

మొదటి చిక్కు: పొద్దుగూకితే ఎట్లా?

ఎండ పగలే ఉంటుంది. మనం బల్బులు, టీవీ, ఫ్యాన్లు ఎక్కువగా వాడేది పొద్దుగూకినంక. అప్పుడు పలకలు నిద్రపోతాయి. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా కరెంటు తక్కువగా పుడుతుంది.

దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పగటి కరెంటును బ్యాటరీలలో దాచుకోవడం. బ్యాటరీలకు ఖర్చు ఎక్కువ. కొన్నేళ్లకు మార్చాలి. రెండు, పగటి కరెంటుతో కింది నీళ్లను మళ్లీ మీదికి ఎక్కించి, మాపటికి వదిలి కరెంటు తీయడం. శ్రీశైలం ఎడమ గట్టున, నాగార్జునసాగర్‌లో ఇట్లా నీళ్లను వెనక్కి ఎక్కించే యంత్రాలు ఉన్నాయి. కాని అట్లాంటి చోట్లు అంతటా దొరకవు. అందుకే రాత్రికి ఇంకా బొగ్గునే నమ్ముకుంటున్నారు.

పెద్దవ్వ మెల్లగా అన్నది: "పగటి కరెంటు విలువ నాకు తెలుసు. ఎనకట బాయికాడ కరెంటు విడతలు విడతలుగ వస్తుండె. ఒక విడత నడిజాము రాత్రి. మీ తాత టార్చిలైటు పట్టుకొని పోతే, తిరిగొచ్చేదాక నాకు కన్ను మూతపడకపోతుండె. పాము కరిచినా, తీగ తాకినా దిక్కెవరు?"

ఆమె చెప్పింది ఊరూరి కథ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. రాష్ట్రంలో 25 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. బోరు మోటరు పగలే నడవాలి. ఎండ కూడా పగలే ఉంటుంది. కాబట్టి సోలార్‌కు, ఎవుసానికి జోడీ బాగా కుదురుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. కరెంటు పుక్కటికి వస్తుందని మోటరు ఆపకుండా నడిపితే బోరు ఎండిపోతుంది. ఎండ తరగదు. భూమిలోని నీళ్లు తరుగుతాయి.

రెండో చిక్కు: లైను పోతే సోలార్ కూడా పోతుంది

ఈ మాట విని అందరూ ఆశ్చర్యపోయారు.

"లైను పోయినా సోలార్ ఉంటదనే గద పెట్టుకునేది!" అన్నారు.

బ్యాటరీ ఉన్న సోలార్ అయితే ఉంటుంది. కాని ఇప్పుడు ఇండ్ల మీద, పొలాల్లో ఎక్కువగా పెట్టేది బ్యాటరీ లేని సోలార్. అది లైనుకు కలిసి ఉంటుంది. పుట్టిన కరెంటు లైనులోకి పోతుంది. లైను బంద్ అయితే అది కూడా దానంతట అదే బంద్ అవుతుంది.

అట్లా ఎందుకు చేశారు? లైను బంద్ అయిందని నమ్మి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు ఎవరి ఇంటి సోలార్ కరెంటో తీగలోకి వస్తే అతని ప్రాణం పోతుంది. అతని ప్రాణం కోసమే ఆ ఏర్పాటు.

కాబట్టి సోలార్ ప్లాంటు ఎంత మంచిదైనా, ఊరి లైను, సబ్‌స్టేషన్ మంచిగా ఉంటేనే ఫలితం. పగటిపూట లైను బంద్ అయితే ఆ గంటల ఎండ వృథా పోయినట్టే. ఎల్లారెడ్డి వైపు లైన్లు చూసేది వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. ప్లాంటు పెట్టేవాళ్లు ముందుగా ఆ ఆఫీసుకు పోయి సబ్‌స్టేషన్ సంగతి కనుక్కోవాలి.

మూడో చిక్కు: పైసలన్నీ ముందే పెట్టాలి

బొగ్గు కేంద్రంలో రోజూ బొగ్గు కొనాలి. సోలార్‌కు కొనేది ఏమీ ఉండదు. కాని పలకలు, ఇనుప స్తంభాలు, తీగలు, ఇన్వర్టరు అన్నింటికీ ముందే పైసలు కట్టాలి. పాతికేళ్ల కరెంటును ఒక్కసారే కొన్నట్టు. చాలా ఏళ్లు ఈ పలకలు ఎక్కువగా చైనా నుంచి వచ్చాయి. ఇప్పుడు మన దేశంలోనూ తయారీ పెరుగుతున్నది.

ఇండ్ల మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2024లో 'పీఎం సూర్యఘర్' పథకం తెచ్చింది. 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు లేదా అంతకు మించితే 78 వేల రూపాయల సాయం వస్తుంది. మిగతాది ఇంటివాళ్లే పెట్టుకోవాలి. సొంత డాబా ఉండాలి.

"మాకు బిల్లే వస్తలేదు. మేమెందుకు పెట్టాలె?" అన్నది ఒకామె.

ఆమె అడిగిందీ నిజమే. 'గృహజ్యోతి' పథకం కింద 2024 మార్చి నుంచి రేషను కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్నది. బీద ఇంటికి అది పెద్ద ఊరట. కాని సున్నా బిల్లు అంటే ఆ కరెంటు ఖర్చు లేకుండా పుట్టిందని కాదు. ఆ పైసలు ప్రభుత్వం కరెంటు సంస్థకు కట్టాలి. ప్రభుత్వం పైసలు అంటే మనం సబ్బు వంటివి కొన్నప్పుడు కట్టే పన్నులు కూడా అందులో ఉన్నాయి. బిల్లు మన చేతికి రాకపోవచ్చు. ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

నాలుగో చిక్కు: భూమి ఎవరిది? కూలి ఎవరిది?

1 మెగావాట్ ప్లాంటుకు సుమారు 4 ఎకరాలు కావాలి. పెద్ద పార్కులకు వేల ఎకరాలు పడతాయి.

కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున పావగడ తాలూకా ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కరువు ప్రాంతం. అక్కడ సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు కట్టారు. భూములు కొనలేదు. రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలు ఇచ్చారు. రెండేళ్లకోసారి కొంత పెంచేటట్టు ఒప్పందం రాసుకున్నారు. భూమి ఉన్నవాళ్లకు వాన పడ్డా, పడకున్నా పైసలు వచ్చాయి.

మరి భూమి లేనివాళ్లకు? ఆ చేలల్లో కలుపు తీసే పని పోయింది. గొర్రెలు, మేకలు మేపే జాగా పోయింది. కౌలు పైసలు పట్టా ఉన్నవాళ్ల చేతికే వచ్చాయి.

ఈ మాట వినగానే వెనక కూర్చున్న ఒకామె తల ఎత్తింది. ఆమెకు భూమి లేదు. "గా నాలుగు ఎకరాలల్ల ఏటా నాకు నాట్లు, కలుపు పని దొరుకుతది. ప్లాంటు పెడితే నా కూలి సంగతేంది?" అని అడిగింది.

వెంటనే ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. లీడరు తన పుస్తకంలో ఆ ప్రశ్న రాసుకుంది.

అయిదో చిక్కు: బొగ్గు మీద బతికేవాళ్లు

సింగరేణిలో నలభై వేల దాకా పర్మినెంటు కార్మికులు ఉన్నారు. కాంట్రాక్టు కూలీలు వేరే. వాళ్ల మీద దుకాణాలు, హోటళ్లు, బస్తీలు బతుకుతున్నాయి. బొగ్గు తగ్గితే వాళ్లకు వేరే పని చూపాలి. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు పని ఎక్కువ. కట్టినంక కొద్దిమంది చాలు. బొగ్గు మీద నిలబడ్డ దేశం ఒక్క రోజులో సోలార్‌కు మారలేకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

సంఘం వేసిన లెక్క

మహిళా సంఘాల చేత 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, హైదరాబాద్‌లో వీటిలో కొన్నింటికి శంకుస్థాపన చేశారు. ఆడవాళ్లు కరెంటు అమ్మడం గొప్ప మాటే. కాని లెక్క చూసుకోవాలి.

చిన్న కోడలు బోర్డు మీద రాసింది. ఇవి అందాజుగా వేసుకున్న అంకెలు. అసలు అంకెలు వచ్చినంక మళ్లీ వేసుకోవాలి.

1 మెగావాట్ ప్లాంటు ఖర్చు 3 కోట్లు అనుకుందాం. సంఘం వాటా 30 లక్షలు. బ్యాంకు లోను 2 కోట్ల 70 లక్షలు.

ఏడాదికి పుట్టే కరెంటు: 15 లక్షల యూనిట్లు.
యూనిట్ 3 రూపాయలకు అమ్మితే: 45 లక్షలు.
లోను కిస్తులు, 15 ఏళ్లు, నూటికి 9 రూపాయల వడ్డీ: ఏడాదికి 34 లక్షలు.
భూమి కౌలు: 1 లక్ష.
కావలి మనిషి జీతం: 1 లక్షా 50 వేలు.
కడగడం, రిపేర్లు, బీమా: 4 లక్షలు.
మొత్తం ఖర్చు: 40 లక్షలా 50 వేలు.
మిగులు: 4 లక్షలా 50 వేలు.

"మంచిగనే మిగులుతుంది గద!" అన్నది లీడరు.

"పది రోజులల్ల ఒక రోజు లైను బంద్ అయిందనుకో అక్కా. 45 లక్షలల్ల పదో వంతు ఎంత?"

పెద్దవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది. "నాలుగున్నర లక్షలు." కొంచెం ఆగింది. "అంటే మిగులంత పోయినట్టే!"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

చిన్న కోడలు ఇంకో మాట చెప్పింది. పలకలు పాతికేళ్ల దాకా పని చేస్తాయి. ఏటేటా కొంచెం కొంచెం బలం తగ్గుతుంది. 15 ఏళ్లకు లోను తీరిపోతుంది. తరువాత ఆ 34 లక్షల కిస్తు ఉండదు. కాబట్టి ఇది తొందరగా డబ్బులు వచ్చే పంట కాదు. మామిడి తోట లాంటిది. మొదటి ఏళ్లు కాపాడుకుంటేనే తరువాత కాపు.

కాపాడటం అంటే ఏమిటి? వరి కోతల దుమ్ము పలకల మీద పడితే కరెంటు తగ్గుతుంది. కడగాలి. కోతులు పలకల మీద దుంకుతాయి. తీగలు గుంజుతాయి. కంచె కావాలి, కావలి కావాలి. చెడిపోతే బాగుచేసే మనిషి దగ్గరలో ఉండాలి. బ్యాటరీ చచ్చిపోయి, వెలగకుండా నిలబడ్డ సోలార్ వీధిదీపాలను చాలా ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. పెట్టేనాడు అందరూ ఉంటారు. చెడిపోయిన నాడు అడిగేవాళ్లు ఉండాలి.

తీర్మానం

ఆ రాత్రి సంఘం 'ఒప్పుకుంటున్నాం' అని రాయలేదు. 'వద్దు' అని కూడా రాయలేదు. ఆరు ప్రశ్నలు రాసింది.

1. మన కరెంటు యూనిట్ ఎంతకు కొంటారు? ఎన్నేళ్లు అదే ధర ఇస్తారు?
2. లైను బంద్ అయి కరెంటు అమ్మలేకపోతే ఆ నష్టం ఎవరిది?
3. కరెంటు పైసలు ఆలస్యంగా వస్తే బ్యాంకు కిస్తు ఎవరు కడతారు?
4. ప్లాంటు కట్టిన కంపెనీ ఎన్నేళ్లు రిపేర్లు చేస్తుంది? కాగితం మీద రాసి ఇస్తుందా?
5. భూమి కౌలు ఎంత? ఎన్నేళ్లు? కౌలు ముగిసినంక పాత పలకలను ఎవరు తీసేస్తారు?
6. ఆ భూమిలో కూలి చేసుకునే ఆడవాళ్లకు కడిగే పని, కావలి పని ముందుగా ఇస్తారా?

ఆరో ప్రశ్నను భూమి లేని ఆమె చేతనే రాయించారు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. ఎవరూ దిద్దలేదు.

"జవాబులు కాగితం మీద రావాలె. నోటిమాట వద్దు. వచ్చినంక మళ్లీ కూసుందాం, చదువుదాం" అన్నది లీడరు.

ఆ ఆరు ప్రశ్నల కింద అందరూ సంతకాలు పెట్టారు. పెద్దవ్వ అందరికన్న ముందు పెట్టింది. పెట్టే ముందు ఆరు ప్రశ్నలూ పైకి చదివింది.

కొత్త మాటలు

యూనిట్: కరెంటును కొలిచే కొలత.
మెగావాట్: వెయ్యి కిలోవాట్లు.
ఇన్వర్టరు: పలకల కరెంటును ఇంట్లో, లైనులో వాడే కరెంటుగా మార్చే పెట్టె.
సబ్‌స్టేషన్: పెద్ద లైను కరెంటును తగ్గించి ఊళ్లకు పంచే చోటు.

లెక్క చేయండి

1. 2 కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు ఎన్ని యూనిట్లు ఇస్తాయి? నెలకు ఎన్ని?
2. సంఘం వేసిన లెక్కలో కరెంటును యూనిట్ 3 రూపాయల 20 పైసలకు కొంటే ఏడాదికి ఎంత మిగులుతుంది?

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పగటిపూట కరెంటు ఎన్నిసార్లు పోతుంది? వారం రోజులు రాసి చూడండి.
2. మీ ఊళ్లో సోలార్ ప్లాంటు పెడితే ఎవరికి లాభం? ఎవరి పని పోతుంది? వాళ్లకు ఏం చేయాలి?
3. ఆరు ప్రశ్నలకు మీరు ఏడో ప్రశ్న రాయండి.